ఆఫ్రికా దక్షిణ దేశాల గురించి చదివేటప్పుడు అక్కడి మాటలను ఎలా నేర్చుకోవాలి?

దక్షిణాఫ్రికా, బోట్స్వానా, లెసోతో, ఎస్వాటీనీ, నమీబియా, జింబాబ్వే వంటి దేశాల చరిత్రనో, నవలనో, యాత్రా వర్ణననో చేతికి తీసుకున్న తెలుగు పాఠకునికి మొదటి అధ్యాయం దాటకముందే లోబోలా, ఖోట్లా, సంగోమా, సద్జా, స్టోక్‌వెల్ వంటి మాటలు వరుసగా ఎదురవుతాయి. చాలామంది వాటిని దాటవేసి ముందుకు పోతారు. మరికొందరు పుస్తకం చివరనున్న పదపట్టికలో ఒక్క ముక్కలో ఇచ్చిన ఇంగ్లీషు అర్థంతో సరిపెట్టుకుంటారు. రెండు విధాలా నష్టం పాఠకునిదే, ఎందుకంటే ఆ పుస్తకంలోని విషయమంతా చాలాసార్లు ఆ మాటల మీదే నడుస్తుంది. లోబోలా అంటే ఏమిటో తెలియనివారికి రెండు కుటుంబాలు పశువుల లెక్క దగ్గర నెలల తరబడి ఎందుకు కూర్చుంటున్నాయో అర్థం కాదు. ఖోట్లా అంటే తెలియనివారికి రాజు చివరిదాకా నోరు విప్పకపోవడం బలహీనతగా కనిపిస్తుంది.

ఈ వ్యాసంలో చెప్పే పద్ధతికి మూలసూత్రం ఒక్కటే: కొత్త మాట కనిపించగానే దానికి సమానార్థకం వెతకకూడదు. ముందు ఆ మాట ఏ భాషది, దాని నిర్మాణమేమిటి, దాన్ని ఎవరు ఎప్పుడు పలుకుతారు అన్నవి తెలుసుకుని, ఆ తరువాతే తెలుగులో దానికి దగ్గరగా ఏముందో, ఎంతవరకు దగ్గరో చూడాలి. ఇంగ్లీషు అర్థం తేలిపోయే కొన్ని చోట్ల తెలుగే మనకు బాగా ఉపయోగపడుతుందని కూడా మీరు గమనిస్తారు.

మొదట ఆగకుండా చదవండి

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని తెలియని మాట కింద గీత గీయండి, అంతే. ప్రతి మాట దగ్గరా ఫోను తీసి వెతికితే కథ తెగిపోతుంది, వెతికిన అర్థమూ నిలవదు. పేరా చివరికి వచ్చేసరికి సగం మాటల స్వభావం సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది: ఇది తినేదా, కూర్చునే చోటా, బంధుత్వమా, నేల పేరా అన్నది మీకే తడుతుంది. ఆ ఊహను గీత పక్కన తెలుగులో ఒక్క మాటలో రాసుకోండి. అధ్యాయం పూర్తయ్యాకే వెతకడం మొదలుపెట్టండి. మీ ఊహ ఎక్కడ సరిపోయిందో, ఎక్కడ తప్పిందో పోల్చుకునే ఆ క్షణంలోనే మాట మనసుకు పడుతుంది.

మాట మొదలును విడదీయండి

ఆ ప్రాంతంలో ఎక్కువమంది మాట్లాడే జూలు, ఖోసా, సోతో, త్స్వానా, షోనా, స్వాతి వంటివి బాంటూ కుటుంబపు భాషలు. తెలుగులో మాట చివర మారుతుంది, మనిషి మనుషులవుతాడు. అక్కడ మాట మొదలు మారుతుంది. మొసోతో అంటే ఒక మనిషి, బసోతో అంటే ఆ ప్రజలు, సెసోతో అంటే వారి భాష, లెసోతో అంటే వారి దేశం. అదే వరుసలో మొత్స్వానా ఒక వ్యక్తి, బత్స్వానా ప్రజలు, సెత్స్వానా భాష, బోత్స్వానా దేశం, మన పత్రికలు బోట్స్వానా అని రాసేది దీన్నే. ఒకే పేజీలో బత్స్వానా అనీ బోట్స్వానా అనీ కనిపిస్తే అచ్చుతప్పు అనుకోనక్కరలేదు. జూలులో అమాజూలు ప్రజలు, ఇసిజూలు భాష, క్వాజూలు వారి నేల. డబ్బుకూ ఇదే వర్తిస్తుంది: లెసోతోలో ఒక్కటైతే లోటి, ఎక్కువైతే మలోటి, ఎస్వాటీనీలో ఒక్కటైతే లిలంగేని, ఎక్కువైతే ఎమలంగేని.

ఇది తెలియకపోతే నిఘంటువు చూడటం కూడా కష్టమే. పాత పద్ధతి జూలు నిఘంటువులలో మాటలను ధాతువును బట్టి అమర్చారు కాబట్టి, ఇజిన్యాంగా అనే బహువచనాన్ని ఇ అక్షరం కింద వెతికితే దొరకదు. ముందున్న భాగాన్ని తీసివేసి న్యాంగా దగ్గర చూడాలి. అక్కడ మూలికా వైద్యుడు అనే అర్థంతోపాటు చంద్రుడు, నెల అనే అర్థాలూ కనిపిస్తాయి. ఆకాశంలోని చంద్రునికీ కాలాన్ని కొలిచే ముప్పై రోజులకూ ఒకే మాట ఉండటం నెలవంక అని పలికే తెలుగువారికి వింతేమీ కాదు.

అందువల్ల నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు మాటను విడిగా కాక, దాని ఏకవచనాన్నీ బహువచనాన్నీ పక్కపక్కన రాయండి. ఏ భాషదో కూడా అక్కడే రాయండి. ఈ ఒక్క అలవాటుతోనే సగం గందరగోళం తొలగిపోతుంది, ఎందుకంటే ఒకే వస్తువును జూలులో ఒకలా, షోనాలో ఒకలా, త్స్వానాలో మరోలా అంటారు. మనిషితనం, సాటివారి వల్లనే మనిషి మనిషి అవుతాడనే భావన, జూలు, ఖోసాలలో ఉబుంటు, షోనాలో ఉన్‌హు, త్స్వానాలో బోథో. మూడు పుస్తకాలలో ఈ మూడూ చదివి మూడు వేర్వేరు సంగతులుగా రాసుకునేవారు ఉంటారు.

తెలుగు లిపిలో పలుకును పట్టుకోండి

నోరు తిరగని మాట గుర్తుండదు. ఈ విషయంలో తెలుగు పాఠకులకు మంచి వీలుంది. బాంటూ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి: పులా, ఇందాబా, లోబోలా, మొరోఖో. సోతో, త్స్వానా భాషలలో ఖౌటెంగ్, మఫికెంగ్ వంటి ప్రాంతాల, ఊళ్ళ పేర్ల చివర వచ్చే అనునాసికం ఒక మినహాయింపు. పలికేటప్పుడు చివరి అచ్చుకు ముందున్న అచ్చును కొంచెం సాగదీస్తే అక్కడివారి పలుకుబడికి దగ్గరవుతుంది.

రెండో వీలు మన ఒత్తక్షరాలు. రోమన్ లిపిలో టి పక్కన హెచ్ కనిపించగానే ఇంగ్లీషు అలవాటు కొద్దీ కొందరు ద అనీ, పి పక్కన హెచ్ కనిపిస్తే పెదవిని పళ్ళకు ఆనించీ పలుకుతారు. జూలు, సోతో, త్స్వానా రాతలో ఆ రెండూ మన థ, ఫ మాత్రమే. థాబో అనే పేరులో ఉన్నది రథంలోని థ. సిఫో అనే పేరులో ఉన్నది ఫలంలోని ఫ, ఫ్యానులోనిది కాదు. లెసోతో అని మనం రాస్తున్న దేశాన్ని అక్కడివారు లెసూథూ అంటారు. ఇంగ్లీషు పాఠకునికి పేజీ నిండా వివరిస్తే తప్ప తెలియని ఈ తేడాను మనం ఒక్క అక్షరంతో రాసుకోగలం. కాబట్టి మీ నోటుపుస్తకంలో పత్రికల్లో వాడుకలో ఉన్న రూపంతోపాటు ఈ పలుకు రూపాన్నీ రాసుకోండి.

మన లిపికి అందనివి నాలుక చప్పుళ్ళు. ఖోసా, జూలు రాతలో సి, ఎక్స్, క్యూ అనే మూడు రోమన్ అక్షరాలను వీటికోసం వాడతారు. సి అంటే నాలుక కొసను ముందు పళ్ళకు ఆనించి వెనక్కు లాగే చప్పుడు, ఎవరి కష్టమైనా విన్నప్పుడు జాలితో మనం చేసేదే. ఎక్స్ నాలుక పక్క అంచుతో చేసేది, బండి తోలేవారు ఎద్దునో గుర్రాన్నో అదిలించేటప్పుడు వినిపించేది. క్యూ నాలుకను అంగిటికి గట్టిగా ఆనించి ఒక్కసారి కిందికి వదిలితే వచ్చే గట్టి టక్ శబ్దం. ఖోసా అనే పేరులోనే మొదటి అక్షరం ఎక్స్. 2021లో పోర్ట్ ఎలిజబెత్ నగరానికి పెట్టిన ఖేబెర్హా అనే పేరు క్యూ శబ్దంతో మొదలవుతుంది, మన ఖ దానికి చాలా దూరం. కలహారి ప్రాంతపు సాన్ ప్రజల భాషలలో ఈ చప్పుళ్ళు ఇంకా ఎక్కువ. వాటిని నిలువు గీతలతోనూ ఆశ్చర్యార్థక చిహ్నంతోనూ రాస్తారు కాబట్టి, ఒక జాతి పేరుకు ముందు ఆ చిహ్నం కనిపిస్తే అది విరామ చిహ్నం కాదనీ, పలకవలసిన హల్లు అనీ గుర్తించండి. 2000లో దక్షిణాఫ్రికా స్వీకరించిన జాతీయ చిహ్నంపైని నినాదం అటువంటి ఒక భాషలోనే ఉంది. ఆ భాషను మాట్లాడేవారు ఇప్పుడు ఎవరూ మిగలలేదు.

ఈ చప్పుళ్ళ దగ్గర మన లిపితో పెనుగులాడకుండా, ఆ అక్షరం కింద చుక్క పెట్టుకుని, సి, ఎక్స్, క్యూలలో ఏదో పక్కన రాసుకుంటే చాలు.

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం

జింబాబ్వే నేపథ్యంలోని పుస్తకంలో ఇటువంటి వాక్యం వస్తుందనుకోండి: "తేతే రాకముందే రోరా మాట ఎత్తవద్దని బాబాముకురు మున్యాయితో చెప్పాడు, అంబుయా సద్జా కెలికి దించింది." దీన్ని ఉదాహరణగా నేనే కూర్చాను, మాటలు మాత్రం షోనావి.

బాబాముకురును ఇంగ్లీషు పదపట్టికలు అంకుల్ అంటాయి. కానీ బాబా అంటే నాన్న, ముకురు అంటే పెద్ద, కాబట్టి ఇది అక్షరాలా మన పెదనాన్నే. తండ్రి తమ్ముడు బాబామునీని, అంటే చిన్నాన్న. తల్లి అక్క మైగురు, పెద్దమ్మ. తల్లి చెల్లెలు మైనీని, పిన్ని. జూలులోనూ ఇదే నిర్మాణం కనిపిస్తుంది. ఇంగ్లీషు ఒక్క మాటలో కలిపేసిన బంధుత్వాలను షోనా, తెలుగు రెండూ విడివిడిగా చూస్తాయి. అందుచేత బంధుత్వపు మాటలను ఇంగ్లీషు మీదుగా కాక, నేరుగా తెలుగులో రాసుకోండి.

తేతే అంటే మేనత్త. షోనా కుటుంబంలో మేనకోడలి పెళ్ళి వ్యవహారంలో ఆమెకు పెద్ద స్థానం ఉంది: పిల్లకు సలహా చెప్పేదీ, మనసు తెలుసుకునేదీ, పెద్దలకు చెప్పేదీ ఆమే. అందుకే వాక్యంలో ఆమె వచ్చేదాకా ఆగమంటున్నారు. పదపట్టిక ఆంట్ అని వదిలేస్తే ఆ ఆగడానికి కారణమే కనిపించదు. అయితే పోలిక ఇక్కడితో ఆపాలి. మేనత్త అనగానే మనకు మేనరికం గుర్తుకొస్తుంది, షోనా, జూలు, ఖోసా సమాజాలలో మేనత్త పిల్లలతో పెళ్ళి నిషిద్ధం. త్స్వానా, సోతో సమాజాలలో మాత్రం అటువంటి వివాహాలకు ఆచారం ఒప్పుకుంటుంది. ఇంకొక జాగ్రత్త: షోనాలో సెకురు అనే మాట తాతకూ మేనమామకూ కూడా వర్తిస్తుంది, అంబుయా అమ్మమ్మ కావచ్చు, అత్తగారూ కావచ్చు. అటువంటప్పుడు ఆ పాత్ర ఎవరి వైపునుంచి మాట్లాడుతోందో చూసి నిర్ణయించుకోవాలి.

మున్యాయి అంటే వరుని పక్షం పంపిన మధ్యవర్తి. సంబంధాలు కుదిర్చే పెళ్ళిళ్ళ పేరయ్య వంటివాడు కాడు, అప్పటికే కుదిరిన సంబంధానికి రెండు వైపుల మధ్య మాటలు మోసే నమ్మకస్తుడు. ఇక రోరా అనేది జూలు, ఖోసాలలో లోబోలా అనీ, త్స్వానాలో బోఖాడి అనీ పిలిచే ఆచారానికి షోనా పేరు: వరుని కుటుంబం వధువు కుటుంబానికి పశువుల రూపంలో, ఇప్పుడు చాలాచోట్ల డబ్బు రూపంలో, చర్చించుకున్న మేరకు ఇచ్చేది. షోనా రోరాలో ఒక ఆవు ప్రత్యేకించి వధువు తల్లికే చెందాలి, దాన్ని డబ్బుగా కాక ప్రాణమున్న ఆవుగానే ఇవ్వాలని పట్టుబడతారు.

తెలుగు మాటను చివర్లో, హద్దులతో రాయండి

లోబోలాకు తెలుగు అర్థం రాయమంటే చాలామంది కన్యాశుల్కం అంటారు. నా అభిప్రాయంలో అది పాఠకుణ్ణి పక్కదారి పట్టించే మాట. తెలుగునాట ఆ మాట వినగానే పసిపిల్లను ముసలివానికి అమ్మడం, 19వ శతాబ్దపు సంస్కరణోద్యమం గుర్తుకొస్తాయి. లోబోలా పెద్దవారైన వధూవరుల వివాహంలో రెండు వంశాలను కలిపే ఆచారంగా కొనసాగుతోంది. దక్షిణాఫ్రికాలో 1998లో చేసిన ఆచార వివాహాల చట్టం అటువంటి వివాహాలకు పూర్తి గుర్తింపునిచ్చింది. అది బేరంగా మారిపోతోందని అక్కడివారే విమర్శిస్తున్న మాటా నిజమే. మన దగ్గర అనేక కులాలలో, గిరిజన సమాజాలలో వాడుకలో ఉన్న ఓలి అనే మాట దీనికి ఇంకా దగ్గర. అయినా నోటుపుస్తకంలో "ఓలి వంటిది, పశువులలో లెక్క, చర్చలు నెలల తరబడి" అని రాసుకోండి, "ఓలి" అని మాత్రం రాసి వదలకండి. మొదటి రాతలో ఆ ఆచారపు వివరాలు మిగులుతాయి, రెండో రాతలో మన ఊరి సంగతి మాత్రమే మిగులుతుంది.

సంగోమా విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. పాత ఇంగ్లీషు పుస్తకాలను అనుసరించి మంత్రగాడు అని రాసుకుంటే అర్థం తలకిందులవుతుంది. సంగోమా పూర్వీకుల పిలుపు అందుకుని, గురువు దగ్గర దీర్ఘకాలం శిక్షణ పొంది, రోగానికీ కష్టానికీ కారణం చెప్పే వ్యక్తి, స్త్రీలూ ఉంటారు, పురుషులూ ఉంటారు. ఇన్యాంగా మూలికా వైద్యుడు. చేతబడి చేస్తాడని జనం భయపడేవాడు వేరు, అతణ్ణి ఉమ్‌థకాథి అంటారు, సంగోమా పని అతని చేతలకు విరుగుడు చూపడం. మన దగ్గర సోదె చెప్పేవారు సంగోమాకు కొంత దగ్గర, నాటువైద్యుడు ఇన్యాంగాకు దగ్గర. ఈ మూడు మాటలనూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకుంటే ఒకదానితో ఒకటి కలిసిపోవు. దక్షిణాఫ్రికా 2007లో సంప్రదాయ వైద్యుల కోసం ప్రత్యేక చట్టం చేసి, వీరిని గుర్తించే ఏర్పాటు చేసింది.

పూర్తి నమోదు ఎలా ఉండాలో ఖోట్లాతో చూపిస్తాను. అది త్స్వానా మాట. మొదటి అక్షరం గొంతులోంచి ఒరుసుకుంటూ వచ్చే ఖ. రాజు ఇంటి దగ్గర, పశువుల దొడ్డికి సమీపంలో, గట్టి గుంజలను గుర్రపు నాడా ఆకారంలో పాతి ఏర్పరచిన చోటు అది. ఆ చోటుకూ, అక్కడ జరిగే సభకూ, ఆ సభ నడిపే న్యాయస్థానానికీ కూడా అదే పేరు. అక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు, రాజు అందరి మాటా విని చివర చెబుతాడు. ఖోట్లాలో పలికిన మాటలన్నీ అందమైనవేనని త్స్వానా సామెత, అంటే అక్కడ నోరు విప్పినవారిని ఆ మాటకోసం తప్పుపట్టకూడదు. తెలుగులో దగ్గరిది రచ్చబండ. తేడా ఏమిటంటే రచ్చబండ తీర్పుకు చట్టం బలం లేదు, బోట్స్వానాలో ఖోట్లా ఇప్పటికీ చట్టం గుర్తించిన ఆచార న్యాయస్థానం. దీని బరువు తెలియాలంటే సెరెట్సే ఖామా కథ చదవండి. 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్‌ను పెళ్ళాడిన ఆ యువరాజును అంగీకరించాలా వద్దా అన్నది సెరోవేలోని ఖోట్లాలోనే తేలింది. మొదటి సభలు వ్యతిరేకించాయి. 1949 జూన్‌లో వేలాదిమంది కూడిన సభ అతణ్ణి తమ రాజుగా ఒప్పుకుంది. 1966లో స్వతంత్ర బోట్స్వానాకు మొదటి అధ్యక్షుడైనది ఆయనే. ఒక మాట కింద ఇటువంటి ఒక్క సంఘటనను రాసుకుంటే ఇక దాన్ని మరచిపోరు.

ఆ దేశపు మరొక మాట పులా. అర్థం వాన. ఎండిన కలహారి నేల మీద బతికే ప్రజలకు వానకన్నా శుభం లేదు కాబట్టి 1976లో తెచ్చిన సొంత నాణేనికి ఆ పేరే పెట్టారు. సభలో మంచి మాట వినగానే జనం పులా అని కేక వేస్తారు. లెసోతో జాతీయ నినాదంలోనూ శాంతి, సమృద్ధి మధ్య ఈ వాన ఉంది. కాబట్టి పుస్తకంలో పులా కనిపిస్తే డబ్బా, వానా, దీవెనా అని చూసుకోవాలి.

తిండి మాటలకు ఇంత శ్రమ అక్కరలేదు. జింబాబ్వేలో సద్జా, జాంబియాలో న్షీమా, దక్షిణాఫ్రికాలో పాప్ అన్నీ తెల్ల మొక్కజొన్న పిండితో చేసే సంకటి. మొక్కజొన్న ఆ ఖండానికి అమెరికాల నుంచి వచ్చింది, అంతకుముందు జొన్న, సజ్జ, రాగులతో చేసుకునేవారు. జింబాబ్వేలో రపోకో అంటే మన రాగులే. మహేవు పులిసిన అంబలి వంటిది, అమాసి పులిసి గట్టిపడిన పాలు. స్టోక్‌వెల్ మన చిట్టీ వంటిదే, కానీ సాధారణంగా పాట ఉండదు, వంతుల వారీగా తీసుకుంటారు.

తెలిసినట్టే అనిపించే మాటల దగ్గర ఆగండి

అసలు ప్రమాదం కొత్త మాటలతో కాదు, తెలిసినవనుకునే ఇంగ్లీషు మాటలతో. టౌన్‌షిప్ అనగానే మనకు ఉక్కు కర్మాగారం పక్కనో, విద్యుత్ కేంద్రం పక్కనో చెట్లతో, క్వార్టర్లతో ఉండే కాలనీ మనసులో మెదులుతుంది. దక్షిణాఫ్రికాలో అది వర్ణవివక్ష కాలంలో నల్లజాతివారిని నగరానికి దూరంగా ఉంచడానికి కట్టిన బస్తీ. సొవెటో అనే పేరే నైరుతి టౌన్‌షిప్‌లు అనే ఇంగ్లీషు పదబంధానికి కుదింపు. కలర్డ్ అంటే నల్లవారు అని కాదు, అనేక మూలాల కలయికతో ఏర్పడి, 1950 జనాభా నమోదు చట్టంలో వేరే వర్గంగా రాసిన ఒక ప్రత్యేక సముదాయం. హోమ్‌ల్యాండ్ అంటే పుట్టిన నేల కాదు, నల్లజాతివారి పౌరసత్వాన్ని లాగేసుకోవడానికి గీసిన ప్రాంతాలు. రోబో అంటే అక్కడ ట్రాఫిక్ సిగ్నలు. ఇటువంటివాటికి నోటుపుస్తకంలో వేరే పేజీ కేటాయించండి.

మరొక పేజీ, తెలుసుకోవాలి గాని వాడకూడని మాటలకు. పాత యాత్రా గ్రంథాలలో నల్లజాతివారికి కాఫిర్ అనే మాట విరివిగా కనిపిస్తుంది. ఇప్పుడు దక్షిణాఫ్రికాలో అది ఘోరమైన తిట్టు, దాన్ని పదేపదే ప్రయోగించినందుకు 2018లో ఒకరికి జైలు శిక్ష కూడా పడింది. హాటెన్‌టాట్ అనే పాత జాతి పేరు చదివితే ఖోయ్‌ఖోయ్ అని రాసుకోండి. బాంటూ అనేది భాషాశాస్త్రంలో సరైన మాట, కానీ 1953 నాటి బాంటూ విద్యా చట్టం వంటివాటి వల్ల మనుషులను ఆ పేరుతో పిలవడం అక్కడ అవమానం. మనకు శ్రమను మాత్రమే సూచించే కూలీ అనే మాట కూడా డర్బన్ నగరమున్న నేటాల్ ప్రాంతంలో భారతీయులందరి మీదా విసిరిన తిట్టుగా మారింది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడతో మొదలై 1911 దాకా లక్షన్నర మందికి పైగా ఒప్పంద కార్మికులు అక్కడికి వెళ్ళారు, వారిలో తెలుగువారూ ఉన్నారు. నాయుడు అనే పేరు అక్కడ నైడూగా స్థిరపడింది, దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించాలన్న భాషల జాబితాలో తెలుగు ఉంది. ఈ చరిత్ర తెలిసినవారు ఆ మాటను పుస్తకంలో చూసి తేలికగా దాటిపోలేరు.

ఊళ్ళ పేర్లు మారుతుంటాయి కాబట్టి పుస్తకం అచ్చయిన సంవత్సరం చూసుకోండి. సాల్స్‌బరీ 1982లో హరారే అయింది, గ్రాహమ్స్‌టౌన్ 2018లో మఖాండా అయింది, స్వాజీల్యాండ్ అదే ఏడాది ఎస్వాటీనీ అయింది.

సరిచూసుకోవడం, వినడం, మళ్ళీ చదవడం

దక్షిణాఫ్రికా ఇంగ్లీషులో చేరిన మాటలకు మఖాండాలోని రోడ్స్ విశ్వవిద్యాలయపు నిఘంటు విభాగం తయారుచేసిన చారిత్రక నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా లభిస్తుంది. ఏ మాట ఏ సంవత్సరంలో ఎక్కడ కనిపించిందో ఉదాహరణ వాక్యాలతో సహా అందులో ఉంటుంది. అర్థం కన్నా ముందు ఆ వాక్యాలు చదవండి, మాట ఎవరి నోట ఎలా మారిందో అక్కడ తెలుస్తుంది. పదపట్టికలోని ఒక్క ముక్క అర్థాన్ని దీనితో పోల్చుకోకుండా నోటుపుస్తకంలోకి ఎక్కించవద్దు.

పలుకు కోసం రేడియో వినండి. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ప్రసార సంస్థకు జూలులో ఉఖోజి, ఖోసాలో ఉమ్‌హ్లోబో వెనేనే, సెసోతోలో లెసెడి, సెత్స్వానాలో మొత్స్వెదింగ్ అనే స్టేషన్లు ఉన్నాయి. అర్థం కాకపోయినా వార్తలు కొద్దిసేపు వింటే ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు మీరు పుస్తకంలో చదివిన రూపంలోంచి బయటికి వచ్చి చెవికి తగులుతాయి.

మొదటి పుస్తకానికి ఒకే దేశాన్ని, వీలైతే ఒకే భాషను ఎంచుకోండి. షోనాతో మొదలుపెట్టి సగంలో ఖోసాకు మారితే ఉపసర్గలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బంధుత్వపు మాటలు ముందు, ఆచారాలు తరువాత, నేల, చెట్టు చేమల పేర్లు చివర నేర్చుకోవడం మేలని నేను అనుకుంటాను, కథలో మనుషులెవరో తెలియకపోతే మిగతావాటికి ఆసరా ఉండదు. పుస్తకం పూర్తయ్యాక మొదటి అధ్యాయాన్ని పదపట్టిక తెరవకుండా మరోసారి చదవండి. మొదటిసారి పెన్సిలుతో గీసిన గీతలలో ఏవేవి ఇప్పుడు అక్కరలేకుండా పోయాయో వాటిని రబ్బరుతో తుడిచేయండి. ఇంకా ఆగవలసి వచ్చిన మాటలను మాత్రం, వాటి వాక్యంతో సహా, నోటుపుస్తకంలో కొత్త పేజీలో రాసుకుని తరువాతి పుస్తకంలో అవే మాటలు ఎక్కడ వస్తాయో చూడండి.